పదకొండో పాదు

డెడ్‌బాడీ గురువారం సాయంత్రం 5:10కి దొరికింది.

ఎర్మేతె ఫొలీని. డెబ్బై ఆరేళ్ళ ద్రాక్ష రైతు. రోంకాయ కొండ మీద మెట్లుమెట్లుగా చెక్కిన మడుల్లో మూడోదాంట్లో, రాళ్ళగుట్ట వెనక వెల్లకిలా పడి ఉన్నాడు. పైన నాలుగో మడి. అది అతనిదే. రెంటికీ మధ్య నాలుగు మీటర్ల రాతిగోడ.

వెన్నెముక విరిగింది. ఛాతీ మీద నాణెమంత గుండ్రటి మచ్చ, కమిలి నల్లబడింది. ఎవరో కర్రమొనతో పొడిచి తోశారు. తల మీద టోపీ లేదు. నడుం బెల్టుకి విల్లో చెట్టు చువ్వల కట్ట వేలాడుతోంది. పది గోళ్ళ కిందా మట్టి.

"వెంటనే పోలేదు," అన్నాడు డాక్టర్. "పడ్డాక సుమారు రెండు గంటలు బతికాడు."

"పోయింది ఎన్నింటికి?" అడిగింది ఇన్‌స్పెక్టర్ నీవెస్ జనోలి.

"పదకొండుకీ నాలుక్కీ మధ్య. ఈ చలిగాలికి శవం కొయ్యబారిపోయింది. అంతకంటే కచ్చితంగా చెప్పమంటే అబద్ధం చెప్పాలి."

శవాన్ని చూసింది కూతురు మరిలేనా. నాలుగున్నరకి కాఫీకి రాలేదేమా అని కొండెక్కి వచ్చింది. చూసింది. ఫోన్ చేసింది. ఏడవలేదు.

ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరి కళ్ళూ తడవలేదు. ఎర్మేతె నోరు అలాంటిది. పెళ్ళికి వెళ్ళి పెళ్ళికూతురి మెల్లకన్ను గురించి మాట్లాడే రకం. సొంత భార్య శవం ముందు పాదిరీ గారి పాట శ్రుతి తప్పిందని నవ్విన మనిషి. వైన్ మాత్రం గొప్పగా చేసేవాడు. గొప్ప వైన్ చేసేవాడు మంచివాడై ఉండాలని మా లోయలో ఎవరూ అనుకోరు. అనుకుంటే ఒక్క సీసా కూడా తాగలేం.

చీఫ్ స్పదఫోరా నాలుగో మడి ఎక్కేసరికి రొప్పుతున్నాడు. నిరుడు దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చాడు. వాళ్ళ వైపు ద్రాక్షతోటలో కారు తోలుకుంటూ పోవచ్చట. ఇక్కడ మేక కూడా ఆలోచించి అడుగెయ్యాలి.

"ఇదేం పని చేస్తున్నాడు ముసలాడు?" అడిగాడు చీఫ్.

"మార్చి నెల కదా సార్," అంది నీవెస్. "శీతాకాలంలో కత్తిరించగా మిగిలిన కొమ్మల్ని విల్లులా వంచి, నానబెట్టిన విల్లో చువ్వలతో గుంజకి కట్టాలి. రసం పైకెక్కుతోంది. కొమ్మల కళ్ళు, అంటే చిగురుమొగ్గలు, ఉబ్బుతున్నాయి. కట్టకుండా వదిలేస్తే ఈ గాలికి కొమ్మలు కొట్టుకుని కళ్ళన్నీ రాలిపోతాయి. ఏడాది పంట పోయినట్టే."

"ఎన్ని పాదులు?"

"యాభై."

"అన్నీ కట్టేశాడా?"

"అన్నీ కట్టి ఉన్నాయి సార్."

"ఒక్కోదానికి ఎంతసేపు?"

"ఎర్మేతెకైతే ఏడు నిమిషాలు. అతని తొందరా నెమ్మదీ ఊరంతటికీ తెలుసు."

చీఫ్ చిన్న పుస్తకం తీశాడు. యాభై పాదులు, ఏడేసి నిమిషాలు. మూడొందల యాభై నిమిషాలు. పొద్దున ఎనిమిదింటికి మొదలెట్టాడు. తిండి కూడా నిలబడే తినే మనిషి.

"మధ్యాహ్నం 1:50కి చివరి పాదు," అన్నాడు చీఫ్. "అంటే అప్పటిదాకా బతికే ఉన్నాడు. ఆ తర్వాత తోశారు. డాక్టర్ లెక్కకి సరిపోయింది. ఆ టైముకి కొండ మీద ఎవరున్నారు?"

ఒక్కడే ఉన్నాడు. ఇలీర్. అల్బేనియా నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. సిమెంటు చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చి మా గోడలు నిలబెట్టేవాడు. ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా రెండో మడి గోడ బాగుచేస్తున్నాడు. శవానికి ముప్పై మీటర్ల దూరంలో.

పైగా నెల కిందట బార్లో అందరి ముందూ ఎర్మేతె అతన్ని అన్నాడు: "వీడికి పౌరసత్వం ఇస్తే నా మేకలకీ ఇవ్వాలి. అవి వీడికంటే ముందొచ్చాయి."

ఇలీర్ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు: "ముసలోడా, ఓ రోజు నిన్ను ఈ కొండ మీంచి తోసేస్తా."

పదిహేను మంది విన్నారు. పదిహేను మందీ పోలీసులకి చెప్పారు. మా ఊళ్ళో సాక్ష్యాలకి కరువు లేదు.

* * *

గురువారం రాత్రే ఇలీర్ని అరెస్టు చేశారు. శుక్రవారం ఉదయం 8:15కి ఇంటరాగేషన్.

"తోస్తానన్నావా లేదా?" చీఫ్ అడిగాడు.

"అన్నాను సార్."

"తోశావా?"

"లేదు."

"ఒంటిగంటన్నరకి ముందు ఎక్కడున్నావు?"

"నది అవతల. మా వాళ్ళు ఆరుగురితో ఇంకో గోడ పని. ఒంటిగంటకి అక్కణ్ణించి బయల్దేరాను."

"అది నాకక్కర్లేదు. రెండు గంటలపాటు ఆ ముసలాడు నడుం విరిగి మూలుగుతూ పడున్నాడు. నువ్వు ముప్పై మీటర్ల దూరంలో ఉన్నావు. వినబడలేదా?"

"వినబడలేదు సార్."

"చెవుడా?"

"కాదు సార్."

"మరి?"

ఇలీర్ చేతులు చూసుకున్నాడు. పదిహేడేళ్ళుగా ఈ కొండ రాళ్ళు మోసిన చేతులు.

జడ్జి ముందు హాజరు శనివారం పన్నెండింటికి. ఇలీర్ పౌరసత్వం ఫైలు చివరి సంతకం దగ్గరుంది. ఏప్రిల్లో ప్రమాణం చెయ్యాలి. అతనూ, భార్యా, ఇక్కడే పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ. జడ్జి రిమాండు రాస్తే ఫైలు చెత్తబుట్టలోకి పోతుంది. ఆ తర్వాత నలుగురినీ బస్సెక్కించడమే.

"మేడమ్," అన్నాడు ఇలీర్, నీవెస్ నీళ్ళు తెచ్చిచ్చినప్పుడు. "నిజంగా వినబడలేదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"తెలియదు. కానీ నమ్ముతున్నాను."

నమ్మకం జడ్జికి పనికిరాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

* * *

శుక్రవారం 9:20. మరిలేనా ఇంట్లో వంటగది.

నీవెస్, మరిలేనా ఒకే బడిలో చదువుకున్నారు. నీవెస్ తండ్రిదీ ఎదురు కొండ మీద ద్రాక్షతోటే. మోకాళ్ళు అరిగిపోయి, అమ్మేసి, మంచంలో పోయాడు. మా వైన్ సీసాల మీద మా కొండ బొమ్మ అందంగా వేస్తారు. మా మోకాళ్ళ బొమ్మ ఎవరూ వెయ్యరు.

"నన్ను కూడా అనుమానిస్తున్నావా?" అంది మరిలేనా.

"నిన్న ఎక్కడున్నావు?"

"ఒంటిగంట దాకా మందుల షాపులో, డ్యూటీలో. 1:15కి ఇంటికొచ్చాను. తర్వాత ఒక్కదాన్నే."

"మిలాన్ కంపెనీకి తోట అమ్ముదామన్నావట."

"అన్నాను. కింది మడులతో కలిపి ఒకటే వాలు చేస్తారు. గోడలు తీసేసి, పాత పాదులు పీకేసి, మిషన్ దిగడానికి దారి వేస్తారు. పర్మిషన్ కూడా వచ్చేసింది. ఎకరానికి మనిషి నాలుగొందల గంటలు చాకిరీ చేసే చోట మిషన్ నలభై గంటల్లో ముగిస్తుంది. తప్పేముంది?"

"మీ నాన్న ఏమన్నాడు?"

"కాగితం ఆదివారం పొయ్యిలో పెట్టాడు. నా ముందే. 'నేను పోయాక అమ్ముకుని ఏడు' అన్నాడు."

"ఇప్పుడు పోయాడు."

"అవును," అంది మరిలేనా. కాఫీ గిన్నె కడగడం ఆపలేదు. "రాసుకో. కూతురికి లాభం ఉంది అని రాసుకో."

నీవెస్ రాసుకుంది.

"బుధవారం ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు? రేడియో పెట్టుకుని విల్లో చువ్వలు లెక్కపెట్టాడు. పాదుకి రెండు. యాభై పాదులకి నూరు. లెక్కపెట్టి తొట్లో నానేశాడు. ఎక్కువ నానేస్తే మిగిలినవి ఎండి విరుగుతాయి. తక్కువ నానేస్తే సగంలో ఇంటికి రావాలి. రెండూ సిగ్గుచేటే ఆయనకి. ఎప్పుడూ నూరంటే నూరే."

నీవెస్ పెన్ను ఆగింది.

"నూరంటే నూరేనా?"

"ఒకటి ఎక్కువుంటే నన్ను తిట్టేవాడు, నేనే కలిపానని."

10:05కి నీవెస్ స్టేషన్‌లో ఎవిడెన్స్ గదిలో ఉంది. సంచి విప్పింది. శవం నడుం బెల్టు. బెల్టుకి విల్లో చువ్వల కట్ట. ఫొటోల్లో అందరూ చూసిన కట్టే. ద్రాక్ష రైతు నడుముకి చువ్వలుండటం పోలీసుకి లాఠీ ఉన్నట్టే. ఎవరూ రెండోసారి చూడలేదు.

బల్ల మీద పరిచింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

ఎనభై.

యాభై పాదులూ కట్టేసిన మనిషి నడుముకి ఎనభై చువ్వలు ఎందుకు మిగులుతాయి?

* * *

11:30కి నాలుగో మడి మీదుంది.

యాభై పాదులూ ఒకటే వరుస, గోడ అంచునే సాగుతుంది. నీవెస్ మొదటి పాదు దగ్గర వంగింది. కట్టు చూసింది. పసుపు బెరడు చువ్వ. ఎర్మేతె ఇంటి వెనక విల్లో చెట్లది పసుపు బెరడే. రెండో పాదు, పసుపు. మూడు, నాలుగు, ఐదు. అన్నీ పసుపే. పదో పాదు, పసుపు.

పదకొండో పాదు. ఎరుపు.

పన్నెండు, ఎరుపు. పదమూడు, ఎరుపు. చివరిదాకా నడిచింది. యాభై, ఎరుపు.

ముడి మాత్రం ఒకటే. రెండు మెలికలు, కొన లోపలికి దోపడం. ఫొలీని ఇంటి ముడి. తండ్రి నేర్పిన ముడి. ఆ తండ్రికి ఇద్దరు కొడుకులు.

నీవెస్ తల తిప్పి చూసింది. ఎడమ పక్క మడి చిన్నవాడిది. అబ్బోందియో ఫొలీని, డెబ్బై రెండేళ్ళు. అతని వరుస వరుసంతా కట్టకుండా ఉంది. కొమ్మలు గాలికి ఊగుతున్నాయి.

మార్చి ఏడో తారీకు. పెద్ద గాలి వస్తుందని వారం నుంచి రేడియోలో చెబుతున్నారు. కొండ మీద కట్టని వరుస అదొక్కటే.

2:30కి అబ్బోందియో వైన్ గదిలో కూర్చుంది. అతను పాతిక లీటర్ల గాజు కూజా ఎత్తి అరుగు మీద పెట్టాడు. ఆమెకి ఒక గ్లాసు పోశాడు.

"తాగు అమ్మాయ్. మీ నాన్న తాగే రకం."

"డ్యూటీలో ఉన్నా పెద్దాయనా."

"డ్యూటీలో ఉన్నవాళ్ళే తాగాలి. ఖాళీగా ఉన్నవాళ్ళకి ఎందుకు?"

"మీ అన్న పోయాడు. సంతాపానికి నల్లబట్ట కూడా కట్టలేదేం?"

"ముప్పై ఏళ్ళ నుంచీ వాడు నన్ను పిలిచే పేరు గాడిద. గాడిదలు నల్లబట్ట కట్టవు."

"నిన్న ఎక్కడున్నారు?"

"మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరు దాకా ద్రాక్ష రైతుల సొసైటీలో. నిరుటి వైన్ రుచి చూశాం. తొమ్మిది మంది. నేను పుక్కిలించి ఉమ్మడం తొమ్మిది మందీ చూశారు. వెళ్ళి అడుగు."

"అడిగాను. పొద్దున?"

"పొద్దున సంగతి ఎవరికి కావాలి?"

"నాకు."

అబ్బోందియో గ్లాసు వెలుగుకి ఎత్తి రంగు చూశాడు.

"ఇంట్లో. నడుం నొప్పి. అందుకే నా వరుస కూడా కట్టలేదు."

నీవెస్ అరుగు మీది కూజా వైపు చూసింది. బయటికొచ్చి వాగు పక్కన అతని విల్లో చెట్లు చూసింది. ఎర్ర బెరడు. కొత్తగా కోసిన గాట్లు.

సాయంత్రం ఐదింటికి చీఫ్ విన్నాడు. నవ్వాడు.

"పుల్లల లెక్కా, రంగూ పట్టుకుని జడ్జి ముందుకి పొమ్మంటావా?"

"చువ్వలు సార్."

"ఏదో ఒకటి. వాగు పక్కన చెట్టు, ఎవడైనా కోసుకోవచ్చు. ఆ అల్బేనియా వాడే కోసి ఉండొచ్చు. ఇంకేముంది నీ దగ్గర?"

"రేపు పొద్దున గంటన్నర ఇవ్వండి. ఇలీర్ని కోర్టుకి తీసుకెళ్ళే దారిలో కొండ దగ్గర ఆపుతాను."

"పదిన్నరకి జీపు కదలాలి. అప్పటికి తేలకపోతే రిమాండు కాగితం మీద నువ్వే సంతకం పెడతావు. సరేనా?"

"సరే సార్."

* * *

శనివారం 9:00. పెద్ద గాలి రేడియో చెప్పినట్టే వచ్చింది.

నాలుగో మడి అంచున ఐదుగురు. బేడీలతో ఇలీర్. కోటు బొత్తాలన్నీ పెట్టుకున్న చీఫ్. మరిలేనా. చేతికర్రతో అబ్బోందియో. చేతిలో కత్తెరతో నీవెస్.

"ఇంత గాలిలో ఎందుకు పిలిచావు అమ్మాయ్?" అన్నాడు అబ్బోందియో.

"చిన్న పని ఉంది. ఈ వరుసలో ఎనభై కట్లు ఎర్ర చువ్వలతో వేశారు. అవి ఎవిడెన్స్. ఎనభయ్యీ కోసి ల్యాబ్‌కి పంపాలి."

"ఇప్పుడా? ఈ గాలికా?"

"జడ్జి గాలి తగ్గేదాకా ఆగడు."

పదకొండో పాదు దగ్గర వంగింది. టక్. ఒక చువ్వ తెగింది. టక్. రెండోది. వంచి కట్టిన కొమ్మ ఒక్కసారిగా విడిపోయి గాలిలో కొట్టుకుంది. గుంజకి తగిలింది. ఉబ్బిన కన్ను ఒకటి ఊడి నేల మీద పడింది.

అబ్బోందియో దాని వంక చూశాడు.

పన్నెండో పాదు. టక్, టక్.

"చేత్తో విప్పవచ్చుగా," అన్నాడు అబ్బోందియో.

"టైం లేదు."

పదమూడు. రెండు కళ్ళు రాలాయి. నీవెస్ ద్రాక్ష రైతు బిడ్డ. ప్రతి కోత ఖరీదూ ఆమెకి తెలుసు. ముఖం మీద మాత్రం కనబడనివ్వలేదు. మనిషిని కొట్టి నిజం చెప్పించడం చట్టం ఒప్పుకోదు. ద్రాక్షపాదుని కొట్టకూడదని ఏ చట్టంలోనూ లేదు.

పద్నాలుగు. కొమ్మ మొదట్లోనే చిట్లింది. తెగినచోట నీటిబొట్టు ఊరింది.

"బుద్ధుందా నీకు!" అబ్బోందియో గొంతు పెరిగింది. "మీ నాన్న ఇదేనా నేర్పింది?"

"మా నాన్న నేర్పినవన్నీ మర్చిపోయాను పెద్దాయనా."

పదిహేను. పదహారు. మరిలేనా ముఖం తిప్పుకుంది. చీఫ్‌కి ఏం జరుగుతోందో అర్థం కావడం లేదు. కొమ్మలు కొట్టుకోవడం తప్ప అతనికేమీ కనబడలేదు.

పదిహేడో పాదు. నీవెస్ కత్తెర తెరిచింది.

చేతికర్ర నేల మీద పడింది. అబ్బోందియో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. డెబ్బై రెండేళ్ళ చెయ్యి. ఇనప పట్టకారులా ఉంది.

"ఆపు! నేనే కట్టాను. పదకొండు నుంచి యాభై దాకా అన్నీ నేనే కట్టాను. ఇంక ముట్టుకోకు."

ఇలీర్ తల ఎత్తి చూశాడు.

నీవెస్ కత్తెర జేబులో పెట్టుకుంది. టైం 9:26.

"సార్, ఎర్మేతె నూరు చువ్వలతో వచ్చాడు. ఎనభై నడుముకే మిగిలాయి. అంటే కట్టింది ఇరవై చువ్వలు. పది పాదులు. పది పాదులకి డెబ్బై నిమిషాలు. ఎనిమిదింటికి మొదలెట్టాడు. 9:10కి గోడ కింద ఉన్నాడు. మధ్యాహ్నం కాదు, పొద్దున."

చీఫ్ పుస్తకం తీశాడు. మళ్ళీ మూశాడు.

"పొద్దున తొమ్మిదింటికి ఇలీర్ నది అవతల ఆరుగురి మధ్య ఉన్నాడు. మరిలేనా మందుల షాపులో ఉంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నాననేవాడు ఒక్కడే. ఇలీర్‌కి మూలుగు ఎందుకు వినబడలేదని అడిగారు కదా. అతను వచ్చేసరికి మూలిగే మనిషి లేడు. పదకొండు దాటి రెండు నిమిషాలకో, పది నిమిషాలకో పోయాడు."

వంగి అబ్బోందియో చేతికర్ర తీసింది. మొన చూసింది. నాణెమంత గుండ్రటి ఇనప తొడుగు. చీఫ్ చేతికిచ్చింది.

"మీరు అన్నకంటే వేగంగా ఒంటిగంటలోపే వరుసంతా కట్టేసి, సొసైటీలో తొమ్మిది మంది మధ్య కూర్చున్నారు. ఎర్మేతె మధ్యాహ్నం దాకా బతికున్నట్టు మేం లెక్కేసుకోవాలని. తెలివైన అలిబీ, పెద్దాయనా."

అబ్బోందియో ఆమె వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. పచ్చి అసహ్యం ఉంది.

"అలిబీయా? పోలీసు బుద్ధి! కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గాలొస్తోంది. నలభై పాదులు విప్పుకుని ఉన్నాయి. వాడు కింద పడ్డాడు. ఎవరు కడతారు? మా నాన్న నాటిన వరుస ఇది. నీ అలిబీ ఎవడికి కావాలి?"

"ఎందుకు తోశారు?"

"నా వరుస కట్టుకుందామని వచ్చాను. వాడు ఇటు చూసి నవ్వాడు. 'గాడిదా, ఈ వరుస ఆఖరిసారి చూసుకో, కంపెనీకి అమ్మేశా, ఏప్రిల్లో పీకేస్తారు' అన్నాడు. కర్ర ఎప్పుడు ఎత్తానో తెలీదు."

"పడ్డాక?"

"తిడుతున్నాడు. సాయం పిలవరా, కాళ్ళు లేవడం లేదురా అని. ఇరవయ్యో పాదు దాకా అడిగాడు."

"తర్వాత?"

"తర్వాత అడగడం మానేశాడు. వంకలు పెట్టడం మొదలెట్టాడు." అబ్బోందియో గోడ అంచు వైపు చూడలేదు. "కింద పడుకుని చువ్వ మెలి తిరిగే చప్పుడు వింటున్నాడు. 'గట్టిగా బిగిస్తున్నావు, బెరడు ఒత్తుకుపోతుంది' అనేవాడు. 'ఇది వదులయింది' అనేవాడు. కనబడకుండానే చెప్పేవాడు. ఒకటి రెండు చోట్ల నిజమే. విప్పి మళ్ళీ కట్టాను."

మరిలేనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎంతసేపు?" అడిగింది నీవెస్.

"ముప్పై నాలుగో పాదు దాకా."

"అప్పుడైనా దిగి చూడలేదా?"

"ఇంకా పదహారు మిగిలాయి కదా."

నీవెస్ ఇలీర్ దగ్గరికి నడిచింది. తాళం తీసి అతని బేడీలు విప్పింది. వెనక్కి తిరిగింది.

"ఈ మనిషి రెండు రోజులుగా లాకప్‌లో ఉన్నాడు. పెళ్ళాం పిల్లలతో సహా దేశం దాటించేవాళ్ళు. మీకు తెలుసు. నోరు విప్పలేదేం?"

"వాడికి పాదులు లేవుగా," అన్నాడు అబ్బోందియో. "వాడు ఎక్కడైనా రాళ్ళు పేర్చుకుంటాడు."

ఇలీర్ విన్నాడు. కదల్లేదు.

మరిలేనా ముందుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. గొంతు మాత్రం షాపులో మందు చీటీ చదివినంత మామూలుగా ఉంది.

"బాబాయ్. నాన్న అమ్మలేదు."

"ఏంటి?"

"కంపెనీ కాగితం ఆదివారం పొయ్యిలో పెట్టాడు. ఊపిరి ఉన్నంతవరకూ అమ్మనన్నాడు. నిన్ను ఏడిపించడానికి అబద్ధం చెప్పాడు. ఏడిపించాలంటే ఆయనకి నిజమేంటి, అబద్ధమేంటి?"

అబ్బోందియో వరుస వైపు తిరిగాడు.

"నువ్వు తొయ్యకపోతే ఇంకో పదేళ్ళు ఈ వరుస ఇక్కడే ఉండేది. ఇప్పుడు నాది. సోమవారం సంతకం పెడుతున్నాను."

"కోతలయ్యేదాకా..." అన్నాడు అబ్బోందియో. "అక్టోబరు దాకా ఆగు తల్లీ. కట్టేశాను కదా. ఈ ఒక్క పంటా..."

"ఆగను. సోమవారం నుంచే గోడలు విప్పడం మొదలు. మిషన్ ఏప్రిల్లో వస్తుంది." ఆమె ఇలీర్ వైపు తిరిగింది. అతని ముఖం చూడలేక చేతుల వంక చూస్తూ అడిగింది. "రాళ్ళు పగలకుండా విప్పే మనిషి కావాలన్నారు కంపెనీవాళ్ళు. నువ్వు వస్తావా? రాకపోయినా నేనేమీ అనుకోను."

ఇలీర్ మణికట్లు రుద్దుకున్నాడు. బేడీల గీతలు ఎర్రగా ఉన్నాయి. వరుస ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత అబ్బోందియోని చూశాడు. తొందరపడకుండా, రాయి ఎంచుకునేటప్పుడు చూసినట్టు చూశాడు.

"వస్తానండీ. సోమవారం ఏడింటికి. ముందు ఈ గోడే తీస్తాను."

నీవెస్ అబ్బోందియో చేతులకి బేడీలు వేస్తోంది. ఇలీర్ ఆమెతో అన్నాడు, అతనికి వినబడేలా:

"మేడమ్, ఈ పెద్దాయన్ని మీ స్టేషన్‌లో నేనున్న గదిలోనే పెట్టండి. దానికి ఒకటే కిటికీ. అందులోంచి ఈ కొండ తప్ప ఇంకేమీ కనబడదు."

అబ్బోందియో అప్పుడు ఏడ్చాడు. నేల మీద కూలబడి, బేడీల చేతులతో పదిహేడో పాదు మొదలు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్న కోసం ఏడుస్తున్నాడని అక్కడ ఎవరూ పొరబడలేదు.